2 ఘనపు మీటర్ల దీనబంధు గోబర్ గ్యాస్: పన్నెండేళ్ల వాడకం తర్వాత

గోబర్ గ్యాస్ గురించి ఎవరడిగినా మొదటి ప్రశ్న ఒకటే: "ఏడాదికి ఎన్ని సిలిండర్లు మిగుల్తాయి?" దానికి లెక్క కింద ఇస్తాను. ముందు ఒక మాట. సిలిండరు తెచ్చుకుంటాం, బిగిస్తాం, అయిపోయేదాకా దాని ఊసే ఉండదు. గోబర్ గ్యాస్ ప్లాంటు అలా కాదు, కొట్టంలో ఇంకో గొడ్డును కట్టేసినట్టు. రోజూ మేత పెట్టాలి, నీళ్లు పొయ్యాలి. అజీర్తి చేస్తుంది, చలికి ముడుచుకుపోతుంది, పండగ రోజు కూడా ఆకలి ఆపుకోదు. లోపల పనిచేసేవి కూడా గొడ్డు పొట్టలోంచి పేడతో పాటు వచ్చిన సూక్ష్మజీవులే మరి. ఇది తెలిసి పెట్టుకున్నవాళ్లకి ఇరవై ఏళ్లు నడుస్తుంది. సబ్సిడీ వస్తోందని కట్టించుకున్నవాళ్ల ఇంట్లో మూడో ఏటికి దాని మీద గడ్డివాము లేస్తుంది. దేశంలో ఇప్పటిదాకా కట్టిన ఇంటి ప్లాంట్లు 50 లక్షల దాకా ఉంటాయి. వాటిలో మూలపడినవాటి కథ చాలావరకు ఇదే.

ఈ సమీక్ష దీనబంధు నమూనా గురించి. 1984లో అఫ్‌ప్రో (యాక్షన్ ఫర్ ఫుడ్ ప్రొడక్షన్) అనే సంస్థ రూపొందించిన ఇటుక గోపురం రకం ఇది. మొత్తం భూమిలోనే ఉంటుంది, పైకి కదిలే భాగం ఏదీ లేదు. సైజు 2 ఘనపు మీటర్లు, అంటే పూర్తిగా మేపితే రోజుకి అంత గ్యాసు రావాలి. అందుకు 50 కిలోల పచ్చి పేడ కావాలి. రెండు గేదెలు, ఒక ఆవు, ఒక పెయ్య ఉన్న కొట్టంలో రోజూ చేతికి దొరికేది 35 నుంచి 40 కిలోలే. కాగితం మీద గేదెకి 15 కిలోలు, ఆవుకి 10 కిలోలు అని రాస్తారు. మేతకి వదిలితే అందులో సగం పొలంలోనే పడుతుంది. కాబట్టి సైజు ఎంచుకునేటప్పుడు గొడ్లను లెక్కపెట్టొద్దు. వారం రోజులు పొద్దున్నే కొట్టంలో ఎత్తిన పేడను తూకం వేసి చూసుకోండి. ఆ తూకాన్ని 25తో భాగిస్తే వచ్చేదే మీకు కావలసిన సైజు, ఘనపు మీటర్లలో. పెద్దది కట్టి సగం కడుపుతో నడపడం కంటే చిన్నది కట్టి నిండుగా మేపడం మేలు.

40 కిలోల పేడకి వచ్చే గ్యాసు సుమారు 1.4 ఘనపు మీటర్లు. గంటకి 0.45 ఘనపు మీటరు తాగే బర్నరు మీద ఇది మూడు గంటల పైచిలుకు. రెండు బర్నర్లూ వెలిగిస్తే గంటన్నర. నలుగురికి రెండు పూటలా అన్నం, పప్పు, ఒక కూర, పాలు కాగడం, మూడుసార్లు టీ, ఇంతవరకు ఇబ్బంది లేదు. గేదెలకి ఉలవలు ఉడకేయడానికి, స్నానాలకి నీళ్లు కాచుకోవడానికి మాత్రం చాలదు. ఆ పనులకి కట్టెల పొయ్యి అలాగే ఉంచుకోవలసిందే. ఈ సంగతి ముందే చెప్పేవాళ్లు తక్కువ.

ఇక సిలిండర్ల లెక్క. ఒక ఘనపు మీటరు బయోగ్యాస్ దాదాపు 0.43 కిలో ఎల్పీజీకి సమానం. ఆ లెక్కన 1.4 ఘనపు మీటర్లంటే ఏడాదికి 15 సిలిండర్లు మిగలాలి. నిజంగా మిగిలేది ఎనిమిది. ఏడాదికి పదకొండు వాడే ఇంట్లో ఇప్పుడు మూడు పడుతున్నాయి. తేడా ఎక్కడికి పోయిందంటే, ఎండాకాలం గ్యాసు ఎక్కువ వస్తుంది, అప్పుడు వండేది తక్కువ. చలికాలం కావలసినప్పుడు రాదు. ఈ గ్యాసును సిలిండర్లో నింపి దాచుకునే వీలు ఇంటి స్థాయిలో లేదు, గోపురంలో ఇమిడేది ఒక పూట గ్యాసే. మీరూ లెక్క వేసుకునేటప్పుడు పుస్తకంలోని సంఖ్యను సగానికి కొట్టేసి చూసుకోండి. అప్పటికీ లాభం కనిపిస్తేనే ముందుకెళ్లండి.

కట్టుబడిలో చూసుకోవలసినవి

ఈ సైజుకి సుమారు వెయ్యి ఇటుకలు, 14 నుంచి 16 బస్తాల సిమెంటు, జల్లించిన ఇసుక, అడుగుకి కంకర, పేడ లోపలికి దిగే గొట్టానికి ఆరంగుళాల పైపు కావాలి. సామాను కంటే మేస్త్రీ ముఖ్యం. గోడలు బాగా కట్టే మేస్త్రీ గోపురం కట్టలేకపోవచ్చు. అంతకుముందు కట్టినవి రెండు చూపించమనండి. అవి ఇప్పటికీ మండుతున్నాయో లేదో ఆ ఇంటి ఆడవాళ్లనే అడగండి. ఆంధ్రలో ఎన్ఆర్ఈడీక్యాప్ (పాత పేరు నెడ్‌క్యాప్), తెలంగాణలో రెడ్కో అనే ప్రభుత్వ పునరుత్పాదక ఇంధన సంస్థల జిల్లా కార్యాలయాల్లో ఈ పని నేర్చిన మేస్త్రీల సంగతి, అప్పటికి నడుస్తున్న సబ్సిడీ సంగతి వాకబు చేసుకోవచ్చు.

గోపురం లోపలి ప్లాస్టరింగే ఈ ప్లాంటుకి ప్రాణం. నీళ్లు కారని పూత వేరు, గ్యాసు కారని పూత వేరు. ఒక పూత వేసి, దాని మీద చిక్కటి సిమెంటు పాలు కుంచెతో పట్టించి, మళ్లీ సన్న ఇసుక పూత, మళ్లీ సిమెంటు పాలు, అంతా ఆరాక రంగు. ఇందులో ఏ ఒక్కటి ఎగ్గొట్టినా తర్వాత వెతికి పట్టుకోవడం అసాధ్యం. రెండు వారాలు తడపాలి.

అందరూ చేసే తప్పు మరొకటుంది. గోపురం పైన మట్టి కప్పకుండా, "చూడ్డానికి బాగుంది" అని సగం బయటే వదిలేస్తారు. ఇటుక గోపురం బయటి నుంచి నొక్కే బరువును ఎంతైనా మోస్తుంది, లోపలి నుంచి తోస్తే మాత్రం పగులుతుంది. గ్యాసు నిండినప్పుడు లోపలి ఒత్తిడి దాదాపు మీటరు ఎత్తు నీళ్ల ఒత్తిడి దాకా వెళ్లగలదు. పైనున్న మట్టి బరువే దానికి ఎదురు. చలికాలం వేడి పోకుండా కాపాడేదీ ఆ మట్టే. మా ప్లాంటుకి మొదట్లో జానెడు మట్టే కప్పి వెళ్లిపోయారు. ఏడాది తిరక్కుండానే గోపురం మెడ దగ్గర వెంట్రుక సన్నం పగులు వచ్చింది. సబ్బు నురగ పూస్తే బుడగలు కనిపించేవి. లోపలంతా ఖాళీ చేసి మళ్లీ పూత వేయించాల్సి వచ్చింది.

చోటు విషయానికొస్తే, ఎండ పడాలి, కొట్టానికి దగ్గరగా ఉండాలి, బావికి కనీసం పది పదిహేను మీటర్ల దూరం, వంటింటికి ఇరవై మీటర్లలోపు. చెట్టు పక్కన వద్దే వద్దు. వేప వేరు ఇటుక సందును వదలదు.

తోడు వేయడం

మొదటిసారి నింపడానికి రెండు టన్నుల పేడ, అంతే నీళ్లు కావాలి. సొంత గొడ్ల మీదే ఆధారపడితే యాభై రోజులు పడుతుంది. నాలుగు ఇళ్ల నుంచి తోలించుకుని వారం పది రోజుల్లో నింపేయండి. ఎండిన పేడ, మట్టి కలిసిన దిబ్బ పేడ పనికిరాదు. పాలకి తోడు వేసినట్టు, ఊళ్లో నడుస్తున్న ప్లాంటు ఏదైనా ఉంటే దాని స్లర్రీ, అంటే ప్లాంటులోంచి బయటికి వచ్చే పేడనీళ్లు, పది పదిహేను బకెట్లు తెచ్చి కలిపితే గ్యాసు పట్టడం ఖాయం. లేకపోయినా పడుతుంది, వారం ఆలస్యం.

పది రోజుల్లో బయటి తొట్టిలో, అంటే స్లర్రీ బయటికి వచ్చే తొట్టిలో, మట్టం పైకి లేస్తుంది. గ్యాసు వచ్చిందని సంబరపడి అగ్గిపుల్ల గీస్తే మండదు. మొదట వచ్చేదాంట్లో గాలీ కార్బన్ డయాక్సైడే ఎక్కువ. దాన్ని ఆరుబయట, చుట్టుపక్కల నిప్పు లేకుండా వదిలేయాలి. రెండు మూడుసార్లు అలా వదిలాక మండే గ్యాసు వస్తుంది. మండుతుందో లేదో చూసేది ఎప్పుడూ పొయ్యి దగ్గరే. గోపురం పైపు మూతి దగ్గర అగ్గిపుల్ల గీయడం ప్రాణాంతకం. లోపల గాలి కలిసి ఉంటే మంట పైపులోంచి వెనక్కి పోతుంది.

రోజువారీ పని ఇరవై నిమిషాలు. గమేళా పేడకి బకెట్ నీళ్లు, అలా మూడు. కలిపాక అట్ల పిండి కంటే కొంచెం పల్చగా, చేతి వేళ్ల సందుల్లోంచి ఆగకుండా జారేలా ఉండాలి. చిక్కగా వేస్తే గొట్టంలోనే కూర్చుంటుంది. పల్చగా వేస్తే పేడంతా అడుక్కి దిగి, నీళ్లు పైన తేలి, గ్యాసు పడిపోతుంది. చేత్తో గడ్డలు చిదిమి, తేలిన గడ్డి పరకలు తీసేసి, ఐదు నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఇసుకా మట్టీ పేడ కలిపే తొట్టి అడుక్కి దిగుతుంది. అప్పుడు బిరడా తీసి, అడుగున మిగిలే రెండంగుళాల మడ్డిని మాత్రం లోపలికి పోనివ్వకండి. ఈ ఐదు నిమిషాల ఓపికే పన్నెండేళ్లలో ఒక్కసారి మాత్రమే పూడిక తీయించిన రహస్యం. మట్టి నేల కొట్టం ఉన్నవాళ్లు మూడు నాలుగేళ్లకోసారి తీయించాల్సి వస్తుంది. కొట్టంలో నాపరాళ్లు పరిపించడానికి అయిన ఖర్చును ప్లాంటు ఖర్చులోనే కలుపుకోండి.

గడ్డి పరకలు లోపలికి పోతే తెట్టు కడుతుంది. తెట్టు గట్టిపడితే కింద పుట్టిన గ్యాసు పైకి రాలేదు. బయటి తొట్టిలోంచి పొడవాటి వెదురు గడ దింపి వారానికోసారి నాలుగు తిప్పులు తిప్పితే సరి.

లోపలికి పోకూడనివి కొన్ని ఉన్నాయి. కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్లు, సబ్బు నీళ్లు, బ్లీచింగ్. గొడ్డుకి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడుతుంటే ఆ పేడ వారం పాటు దిబ్బకే. ఇక వంటింటి చెత్త. ప్లాంటు అన్నీ తింటుందని చెబుతారు, నిజమే, తింటుంది. మనం కూడా పెళ్లి భోజనం తింటాం, మర్నాడు తెలుస్తుంది. గంజి, మిగిలిన అన్నం, కుళ్లిన పళ్లు పేడ కంటే ఎన్నో రెట్లు త్వరగా పులుస్తాయి. రోజుకి ఒకటి రెండు కిలోలైతే గ్యాసు కొంచెం పెరుగుతుంది కూడా. ఇంట్లో శుభకార్యం జరిగినప్పుడు పులిహోర గంగాళం తెచ్చి బోర్లిస్తే ఆమ్లం పెరిగిపోతుంది, మీథేన్ చేసే సూక్ష్మజీవులు చేతులెత్తేస్తాయి. గుర్తులు ఇవి: గ్యాసు మట్టం బాగానే ఉంటుంది కానీ మంట అంటుకోదు, స్లర్రీకి పుల్లటి కుళ్లు వాసన. మందుల షాపులో దొరికే పీహెచ్ కాగితం ముంచి చూస్తే 7 దగ్గర ఉండాల్సింది 6.5 కిందకి దిగి ఉంటుంది. అప్పుడు మేత పూర్తిగా ఆపాలి. వారం ఆగి, సగం మోతాదు పేడతో మొదలుపెట్టి, అవసరమైతే సున్నపు తేట కొద్దికొద్దిగా పోస్తూ కాగితం చూసుకోవాలి. తొందరపడి సున్నం ఎక్కువ పోస్తే అదింకో రోగం.

మంట చెప్పే మాటలు

పొద్దున ఆరింటికి మొదటి మంట చూడాలి. రాత్రంతా పేరుకున్న ఒత్తిడితో నీలంగా, బుసకొడుతూ, బర్నరు రంధ్రాల మీద నిలవకుండా అర అంగుళం పైకెగిరి ఆరిపోబోతుంది. వాల్వును సగానికి తిప్పి, గాలి రంధ్రం పలకను కొంచెం మూస్తే దిగివచ్చి కూర్చుంటుంది. ఎనిమిదింటికి అన్నం అయ్యేసరికి ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు వాల్వు పూర్తిగా తెరిచి, గాలి పలక సర్దాలి. సిలిండరు పొయ్యికి అలవాటుపడిన చేతికి ఇది నెల రోజుల విసుగు. తేలే డ్రమ్ము ఉండే పాత ఖాదీ కమిషన్ రకంలో ఈ బాధ లేదు, డ్రమ్ము బరువే ఒత్తిడి కాబట్టి మంట మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది. కానీ ఆ ఇనప డ్రమ్ముకి ఏటా రంగు వేయాలి, వేసినా తుప్పు తింటుంది. ఏటా రంగు డబ్బా మొయ్యడం కంటే రోజూ వాల్వు తిప్పుకోవడమే నయమని నా లెక్క.

మంట టపటపమని కొట్టుకుంటుంటే గ్యాసు తప్పు కాదు, పైపులో నీళ్లున్నట్టు. గ్యాసు తడితో వస్తుంది, చల్లబడ్డచోట నీరవుతుంది. పైపు వేసేటప్పుడే ఆ నీళ్లు చేరడానికి పెట్టే నీటి బుడ్డి వైపు వంపు ఉండాలి, మీటరుకి ఒక సెంటీమీటరు చాలు. ఎక్కడా మధ్యలో కుంగకూడదు. బుడ్డి అడుగు వాల్వు వారానికోసారి, వానాకాలంలో మూడు రోజులకోసారి తిప్పి నీళ్లు వదలాలి. ఎర్రటి పొడవు మంట, గిన్నెకి మసి కనిపిస్తే గాలి చాలట్లేదని అర్థం, పలక తెరవండి. మంట చిన్నదైపోయి, తొట్టిలో మట్టం మాత్రం నిండుగా ఉంటే జెట్టు, అంటే బర్నరులోకి గ్యాసు వచ్చే సన్న రంధ్రం, మూసుకుపోయింది. సూదితో పొడవండి.

సిలిండరు పొయ్యినే దీనికి తగిలిస్తే మండదు. ఎల్పీజీ మండడానికి తన కంటే పాతిక రెట్ల పైన గాలి కావాలి, బయోగ్యాస్‌కి ఆరు రెట్లు చాలు. పైగా అదే వేడికి ఈ గ్యాసు నాలుగైదు రెట్లు ఎక్కువ పరిమాణంలో రావాలి. అందుకే జెట్టు రంధ్రం పెద్దదిగా, గాలి దారి చిన్నదిగా ఉన్న బయోగ్యాస్ పొయ్యే కొనండి. ఐఎస్ఐ మార్కు చూసి తీసుకోండి. ఒక చవక పొయ్యి బర్నరు రెండేళ్లలో పొట్టు రాలిపోయింది. పోత ఇనుముది ఎనిమిదేళ్లుగా నడుస్తోంది.

ఈ గ్యాసులో మీథేన్ 55 నుంచి 65 శాతం, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, కొంచెం హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ 'కొంచెమే' ఇత్తడి వాల్వులను నల్లగా మార్చి బిగుసుకుపోయేలా చేస్తుంది. పన్నెండేళ్లలో మెయిన్ వాల్వు మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. పైపు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్)దే వేయండి, గ్యాల్వనైజ్డ్ ఇనప పైపు లోపలి నుంచి తింటుంది. అయితే ఎండ పడేచోట పాతిపెట్టాలి, ఎలుకలు తిరిగేచోట పైన రాయి కప్పాలి.

గ్యాసు ఎంతుందో చెప్పే మీటరు కొనక్కర్లేదు. గ్యాసు నిండేకొద్దీ లోపలి స్లర్రీని తోస్తుంది, బయటి తొట్టిలో మట్టం లేస్తుంది. వాడితే దిగుతుంది. తొట్టి గోడ మీద నాలుగు గీతలు రంగుతో గీసుకుంటే, ఏ గీత మీద ఉంటే ఎంతసేపు వండుకోవచ్చో పది రోజుల్లో తెలిసిపోతుంది. మట్టం నిండా లేచి స్లర్రీ పొర్లుతున్నా వాడకపోతే గ్యాసు బయటి తొట్టిలోంచి బుడగలుగా పోతుంది. అది ఊరికే పోవడం కాదు, వందేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఊరికి వెళ్తుంటే రెండు రోజుల ముందే మేత తగ్గించండి.

డిసెంబరు, జనవరిలో మూడు గంటల మంట రెండుకి పడుతుంది. లోపలి సూక్ష్మజీవులకి 35 డిగ్రీల దగ్గర హుషారు, 20 కిందకి వస్తే బద్ధకం. నీళ్ల డ్రమ్ము ఎండలో పెట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ వెచ్చటి నీళ్లతో కలిపి వేయండి. గోపురం మీద వరిగడ్డి మందంగా పరవండి. పావు వంతు తేడా కనిపిస్తుంది. మిగతాది సంక్రాంతి తర్వాతే.

అసలు పంట స్లర్రీ

ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. రోజూ 80 కిలోలు లోపలికి వేస్తున్నాం. అందులో గ్యాసుగా పోయేది 1.6 కిలోలు. మిగతా 78 కిలోలూ రోజూ బయటికి వస్తాయి. దాన్ని ఎటు పంపాలో ముందే అనుకోకపోతే పెరడంతా అడుసు అవుతుంది, ఇంటావిడ మొదట గొడవ పెట్టుకునేది ఈ విషయం మీదే. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంటలు కనీసం రెండు తవ్వండి. ఒకదాంట్లో ఎండుటాకులు, పొట్టు పరిచి స్లర్రీ వదులుతూ ఉండాలి, అది నిండాక రెండోదానికి తిప్పాలి. మొదటిది ఆరేసరికి పలుగుతో తవ్వుకునే ఎరువు.

పచ్చి స్లర్రీనే బోదెలో నీళ్లతో కలిపి పారించొచ్చు. అరటి, కొబ్బరి, పశుగ్రాసం దీన్ని ఇష్టంగా తీసుకుంటాయి. నారుమడికి, లేత మిరప మొక్కకి మాత్రం అలాగే పోస్తే ఆకులు మాడతాయి. దీన్లో నత్రజని చాలాభాగం అమ్మోనియా రూపంలో ఉంటుంది. అందుకే మొక్కకి త్వరగా అందుతుంది, ఎండలో అంతే త్వరగా ఆవిరైపోతుంది. సాయంత్రం పారించి మట్టి కప్పేయండి. ఈగలు వాలవు, పేడ దిబ్బ వాసన ఉండదు. కలుపు విత్తనాలు కూడా పెంటదిబ్బ ఎరువులో కంటే తక్కువే మొలుస్తాయి. గ్యాసు ఆదాను ఒక పళ్లెంలో, యూరియా బస్తాల ఆదాను ఇంకో పళ్లెంలో పెడితే రెండోదే కిందకి దిగుతుందని నా అనుభవం. పొలం, కనీసం పెద్ద పెరడు లేనివాళ్లకి ఈ ప్లాంటు వద్దనడానికి కారణం కూడా ఇదే.

పిడకలు చేసుకుంటే పోలేదా అని పెద్దవాళ్లు అంటారు. అదే 40 కిలోల పేడ ఎండితే 8 కిలోల పిడకలు. పిడకల పొయ్యిలో పదో వంతు వేడే గిన్నెకి చేరుతుంది, గ్యాసు పొయ్యిలో సగానికి పైనే. లెక్క కడితే గిన్నెకి చేరే వేడి గ్యాసులో రెండింతల పైచిలుకు, పైగా ఎరువు పొలానికే మిగిలింది. పొగ సంగతి చెప్పక్కర్లేదు. ప్రపంచంలో ఇప్పటికీ సుమారు 200 కోట్ల మంది కట్టెలూ పిడకలూ బొగ్గుల మీదే వండుకుంటున్నారు. మనమేమో ఎల్పీజీలో సగానికి పైగా ఓడల్లో దిగుమతి చేసుకుంటున్నాం. మధ్యలో ఉన్న ఈ పేడ దారి అందరికీ పనికొచ్చేది కాదు, గొడ్లున్న ఇంటికి మాత్రం గట్టిదే.

పూడిక తీయడం, ఆపేయడం

గ్యాసు ఏడాదికేడాది తగ్గుతూ, లీకు లేకపోయినా గీతల మీద మట్టం మునుపటంత లేవకపోతే అడుగున పూడిక చేరినట్టే. ఇక్కడ ఒక్కటే గుర్తుంచుకోండి: మనిషి లోపలికి దిగకూడదు. వాల్వు తెరిచి గ్యాసంతా వదిలి, వీలైనంత స్లర్రీని బకెట్లతో, మడ్డి పంపుతో బయటి తొట్టిలోంచే తోడాలి. ఖాళీ అయినట్టు కనిపించినా అడుగు మడ్డిని కదిపితే మళ్లీ గ్యాసు లేస్తుంది, ఊపిరి తీసుకునే గాలి ఉండదు, హైడ్రోజన్ సల్ఫైడ్ కాస్త ఎక్కువైతే ముక్కుకి వాసన కూడా తెలియదు. లోపల చూడ్డానికి దీపం, లైటరు దింపొద్దు. పూత వేయించడానికి దిగక తప్పకపోతే అన్ని మూతలూ తీసి రోజుల తరబడి ఆరబెట్టి, గాలి కొట్టే బ్లోయరు పెట్టి, నడుముకి తాడు కట్టి, పైన ఇద్దరు పట్టుకుని ఉండగానే. మొదటివాడు పడిపోతే కాపాడబోయి రెండోవాడు దిగడం వల్లే ఒకే గుంటలో ఇద్దరు ముగ్గురు పోతుంటారు.

గొడ్లను అమ్మేస్తే ప్లాంటును అలా వదిలేయొద్దు. చివరి మేత వేశాక కూడా నెలా రెండు నెలలు గ్యాసు వస్తూనే ఉంటుంది, అయిపోయేదాకా పొయ్యిలో మండించండి. తర్వాత స్లర్రీ తోడి పొలానికి పంపి, బయటి తొట్టి మీద రాతి పలకలు పిల్లలు జరపలేనంత బరువువి వేయండి. ఎప్పుడైనా మళ్లీ గేదెను కొంటే, సబ్బు నురగతో వాల్వులు పరీక్షించుకుని, పక్క ఊరి ప్లాంటు నుంచి పదిహేను బకెట్ల తోడు తెచ్చుకుంటే చాలు.